ఎక్కడికని అడగకూడదు

మా ఆయన పోలిరాజు భుజాన వల వేసుకుని గడప దాటుతుంటే గంగాభవాని నవ్వు మొహంతో అడిగింది.

"బావా, ఎక్కడికి?"

అంతే. ఆయన వల దించేసి కూర్చున్నాడు. ఆ రోజు మా తెప్ప నీళ్ళలోకి దిగలేదు. వేటకెళ్ళే మనిషిని ఎక్కడికని అడక్కూడదని మా జాలరిపేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. దీనికి తెలీదు.

తెలియకపోవడానికి కారణం ఉందిలెండి. ఇది మా చిన్నాన్న కూతురు. చిన్నాన్న కుర్రతనంలోనే బర్మా వెళ్ళి, అక్కడి మన తెలుగుపిల్లని చేసుకుని ఉండిపోయాడు. ఇది పుట్టిందీ, కాపురం చేసిందీ అక్కడే. సైన్యానికీ తిరుగుబాటువాళ్ళకీ మధ్యన పడి వాళ్ళ ఊరు తగలబడిపోతే, నడిచి రంగూను చేరి, ఓడెక్కి, డెబ్బై రెండులో విశాఖ రేవులో ఒంటరిగా దిగింది. బర్మా నుంచి వచ్చినవాళ్ళు కంచరపాలెంలో ఉంటున్నారన్నారు. అక్క ఇంకా బతికుండగా చెల్లెలు అక్కడెందుకుండాలని నేనే తెచ్చుకున్నాను. చేపలు ఎండబెట్టడంలో దాని చెయ్యి మంచిది. వచ్చిన చిక్కంతా నోటితోనే.

రెండోసారి అడిగినప్పుడు చివాట్లు పెట్టాను. మూడోసారి పక్కింటి అబ్బుల్ని అడిగింది. అతను మొండిగా వెళ్ళాడు. వల రాయికి పట్టి నిలువునా చిరిగింది. ఇక పేటంతా మా గుమ్మంలోనే ఉంది. ముసలి పోతమ్మ తేల్చేసింది.

"దీన్ని కంచరపాలెం అంపేయండి. నేపోతే మా మగోల్లు మీ ఈదిలోంచి రారు."

నా కోపం తాటాకు మంట. అందరూ వెళ్ళాక దాని మీద పడ్డాను. "ఎన్నిసార్లు సెప్పాలే నీకు? ఆ మాటనకపోతే ముద్ద దిగదేటి?"

"అక్కడ దార్లో ఎవులెదురైనా అదే అడుగుతారక్కా. ఇక్కడ బాగున్నావా అన్నట్టు." గడప వైపు చూసింది. "ఆ రోజు తుపాకులు పేల్తన్నాయి. మా ఆయన బయటికెల్తన్నాడు. పొద్దున్నే కూరలో ఉప్పు కాడ దెబ్బలాడుకున్నాం. నాను మూతి ముడుసుకుని కూకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, అడుగుతానేమోనని. నాను అడగనేదు. ఎటెల్లాడో తెలిస్తే అటైనా ఎతికేదాన్నక్కా."

దాని తల నిమిరాను. కానీ పేట మాట కాదంటే పేటలో ఎలా బతకడం? తెల్లారాక బస్సెక్కించడానికి దాని బట్టలు నేనే మూటకట్టాను. మా ఆయన ఓ మూల కూర్చుని అంతా విన్నాడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే గాలం వెయ్యాలి.

తెల్లవారుతుండగా ఆయన వల భుజాన వేసుకున్నాడు. గంగాభవాని మూట పక్కన కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని, నేల చూస్తోంది. ఆయన దాని ముందు ఆగాడు.

"ఓలమ్మీ గంగా, యారాడ కొండ దాటి దచ్చినంగా ఎల్తన్నాను. గాలి బాగుంటే మజ్జానానికొచ్చేత్తాను. నేదంటే పొద్దుగూకిపోద్ది."

వీధిలోంచి పోతమ్మ కేకేసింది. "ఏట్రా పోలిరాజూ, అలా సెప్పొచ్చేటి?"

"అడక్కూడదన్నారు గానీ పెద్దమ్మా, సెప్పకూడదని ఎవులన్నారు?"

పోతమ్మ నోరు తెరిచి, అలాంటి శాస్త్రమేదీ గుర్తుకు రాక మూసేసింది. వెనకాలే వస్తున్న అబ్బులు తల గోక్కున్నాడు. "నానూ అటేనమ్మీ" అని గొణిగి, గబగబా నడిచాడు.

గంగాభవాని నోట్లోంచి కొంగు తీసింది. "ఎల్లిరా బావా," అంది.

నేను మూట విప్పుతూ బావురుమన్నాను. చెల్లెలు ఉండిపోతోందని ఆనందమనుకున్నారు అందరూ. అదీ నిజమే. కానీ పెళ్ళయి పన్నెండేళ్ళయింది, అన్నేళ్ళూ నోరు మూసుకునే ఆయన్ని సాగనంపాను. ఆయన సముద్రం మీద ఎటు వెళ్తాడో నాకూ ఆ రోజే తెలిసింది.