పారిపోయినవాడు ఇక్కడే ఉన్నాడు

ఆ నీళ్ళతోనే వాళ్ళు టీ కాచుకున్నారు. అన్నం వండుకున్నారు. ముఖం కడుక్కుని నమాజు చేసుకున్నారు. వాసనొస్తోందని ఒకరంటే, పైపు తుప్పులే అని ఇంకొకరు సర్దిచెప్పారు. చివరికి కొళాయిలోంచి వెంట్రుకలు వచ్చాయి. అప్పుడు బాబావలి మిద్దె ఎక్కి తొట్టిలోకి తొంగి చూశాడు.

లోపల కోతి చచ్చి తేలుతోంది. సౌదీలోని అబహా కొండల్లో గుంపులుగా తిరిగే కుక్కమూతి కోతి. పొట్ట ఉబ్బిపోయింది. బొచ్చు ఊడి నీళ్ళ మీద తెట్టె కట్టింది. తొట్టి మూత ఎప్పుడో పగిలింది. కొత్తది వేయించమని క్యాంపు మొత్తం అడిగి అడిగి, నోరు నొప్పి పుట్టి మానుకుంది.

బాబావలి పిట్టగోడ పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కాడు. సంగతి తెలిసి కింద మెట్ల మీద ఉన్నవాళ్ళూ కక్కారు. తొట్టిలోకి దిగినవాడు మస్తాన్ వలీ. క్యాంపులో అందరికన్నా పెద్దవాడు. బాబావలిని రాయచోటి నుంచి పిలిపించి, ఆసుపత్రిలో తుడుపుకర్ర పట్టడం నేర్పినవాడు. కోతిని చెత్తసంచిలోకి ఎత్తి పైకొచ్చాడు.

"ఆస్పత్రిలో ఇంతకంటే గలీజు ఎత్తినాం గదరా," అన్నాడు. "ఎత్తినాం గానీ తాగలేదు. అంతే తేడా."

ఆ క్యాంపు కొండ నెత్తిన ఉంటుంది. కింద రోడ్డు పక్కన స్థానికులైన ముసలి అసీరీలు నాగజెముడు పళ్ళు అట్టపెట్టెల్లో పేర్చి అమ్ముతారు. తమ ఊళ్ళో గొర్రె కూడా మూతి పెట్టని పండును ఇక్కడ కార్లు ఆపి కొంటుంటే బాబావలికి మొదట్లో నవ్వొచ్చేది. పళ్ళ వరస దాటితే అఫ్గానీ రొట్టెల కొట్టు, దాని పక్క నుంచి ఇళ్ళ మధ్యగా పైకి మెట్లు. పొగమంచు దిగిందంటే ముందు మెట్టు కనపడదు. నీళ్ళ ట్యాంకరు సగం కొండ దాకా ఎక్కి ఆగిపోతుంది. అక్కణ్ణించి గొట్టం. నీళ్ళ బండి అందరికన్నా చివర వచ్చేదీ, మురుగు బండి అసలు రావడం మరిచేదీ ఆ క్యాంపుకే.

ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని సూపర్‌వైజర్ ఎరిక్ వచ్చాడు. కాకినాడ మనిషి. కొండ కింద కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో ఉంటాడు.

"చూడండీ, ఇది స్మాల్ ఇష్యూ. బ్లీచింగ్ వేసి క్లీన్ చేసేయండి. ఫొటోలు గిటోలు వద్దు. కంపెనీ పొజిషన్ మీకు తెలుసు కదా? నితాఖత్‌లో రెడ్‌లో ఉన్నాం. లెవీలు కట్టలేక మేనేజ్‌మెంట్ చచ్చిపోతోంది."

"మేనేజిమెంటు యాడ చచ్చింది సార్? చచ్చింది కోతి," అన్నాడు మస్తాన్ వలీ. గ్లాసు ముంచి ఎరిక్ ముందు పెట్టాడు. "ఒక్క గుక్క తాగు. నువ్వు తాగితే మేము నోరు మూసుకుంటాం."

ఎరిక్ వెనక్కి తగ్గాడు. తగ్గుతూ తగ్గుతూ మెట్ల దాకా పోయాడు. ఎవరో ఈల వేశారు.

వినడానికి ఇది నవ్వులాటలా ఉంటుంది. కాదు. సౌదీవాళ్ళను సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీని సర్కారు నితాఖత్ కింద ఎర్ర వరుసలో వేసింది. పరాయి దేశపు కార్మికుడు ఒక్కొక్కడి మీదా లెవీ వేసింది. ఆ బరువును కంపెనీ మోయలేదు, కార్మికుడి నెత్తికెత్తింది. ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూ చేయించడం ఆపేసింది. ఇఖామా చచ్చినవాడు కొండ దిగి మందులకొట్టుకు పోవాలన్నా పోలీసు భయమే. ఆసుపత్రికి కంపెనీ బస్సు, ఆసుపత్రి నుంచి కంపెనీ బస్సు. జైలుకు గోడలే ఉండాలని ఏముంది?

"ఎర్రలో పడిన కంపెనీ మనకు వద్దనుకుంటే, వీసా ఇచ్చిన కఫీల్‌ను అడక్కుండానే వేరే కంపెనీకి మారొచ్చంట," అన్నాడు మస్తాన్ వలీ. పోలీసు భయం ఉన్నా, తన వంతు సెలవు రోజున లేబరాఫీసుకు పోయాడు.

తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బాబావలి రొట్టె తెచ్చిచ్చినా ముట్టలేదు.

"నా మింద హురూబ్ పెట్టినారు రా."

హురూబ్ అంటే పనివాడు చెప్పకుండా పారిపోయాడని కఫీల్ కంప్యూటర్లో కొట్టే ఒక్క మాట. ఆ మాట పడితే మనిషి దొంగ అవుతాడు. పోలీసుకు దొరికితే తర్హీల్ జైలు, వేలిముద్రలు, విమానం. మళ్ళీ ఈ దేశం మొహం చూడనివ్వరు.

"పారిపోయినావని ఏ పొద్దు రాసినారన్నా?"

"ఆపరేషన్ థియేటర్ ముందర వాంతి తుడిస్తి చూడు, ఆ పొద్దు. నేను ఈడ నేల తుడస్తా ఉంటే వాళ్ళు ఆడ నన్ను పారిపోనిచ్చినారు." రొట్టెను బాబావలి వైపు జరిపాడు. "చేసిన కష్టానికి దండం పెట్టి పంపినా పోతా. దొంగ మాదిరి మాత్రం ఇంటికి పోనురా. మీ వదిన రహమత్బీకి ఏం జెప్పేది?"

సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్ళు వంటగదిలో పోగయ్యారు. రాయలసీమవాళ్ళు, గోదావరివాళ్ళు, బంగ్లాదేశీలు. ఇరుకు గదిలో చెమట, పాచిపోయిన పప్పు, బ్లీచింగు కలిసి కంపు కొడుతోంది. లేబరాఫీసులో సాక్ష్యం చెబితే హురూబ్ తీసేస్తారని మస్తాన్ వలీ కనుక్కుని వచ్చాడు. అతను పనిలోనే ఉన్నాడని తోటి పనివాళ్ళు చెప్పాలి. ఎవరు చెబుతారు?

గోడ చూసేవాళ్ళు గోడ, నేల చూసేవాళ్ళు నేల చూశారు.

"చెప్పినోడి మీద రేపు హురూబ్ పెట్టరా?" అన్నాడు ఒకడు.

"అన్న చేసిందీ తొందరపాటే. సారు ముందర గ్లాసు పెట్టాలా?" అన్నాడు ఇంకొకడు.

బాబావలి కూడా ముందుకు రాలేదు. దానికి కారణం ఉంది. పొద్దున్నే ఎరిక్ అతన్ని లాండ్రీ గది పక్కకు పిలిచాడు. 'మస్తాన్ వారంగా కనపడ్డంలేదని చెప్పు చాలు. ఫస్ట్ రెన్యూవల్ నీదే. ఎవరికీ చెప్పకు,' అన్నాడు. ఆ మాటను బాబావలి పొద్దంతా నాలుక కింద చక్కెరబిళ్ళలా దాచుకుని తిరిగాడు. ఇప్పుడు చూస్తే అది తొట్టి నీళ్ళ రుచే ఉంది.

"అన్నా," అన్నాడు మస్తాన్ వలీ వైపు చూడలేక. "నిన్ను చూడలేదని చెప్పమన్నాడు ఎరిక్. చెప్తే అందరికన్నా ముందు నా ఇఖామానే చేయిస్తానన్నాడు. సరేననలేదు. కాదని గూడా అనలేదు."

తణుకు కొర్నేలు గొంతు సవరించుకున్నాడు.

"నీకూ అన్నాడేటి? ఆయ్, నాతోనూ అదే అన్నాడండి బాబూ! ఫస్టు నీదేరా కొర్నేలూ, ఎవరికీ చెప్పకూ అన్నాడు!"

"ముఝే భీ బోలా," అన్నాడు మూల నుంచి ఒక బంగ్లాదేశీ. "పెహ్లా నంబర్ తేరా."

మరొకడు. ఇంకొకడు. చెయ్యి లేపనివాడు లేడు. క్యాంపులో అందరిదీ మొదటి నంబరే! ముందు ఒకడు పకపకా నవ్వాడు, తర్వాత గది గదంతా నవ్వింది. నవ్వి నవ్వి ఆగాక ఎవరి ముఖం వాళ్ళకే అసహ్యమైంది.

"ఎర్రలో పడిన కంపెనీకి ఇఖామా చేయించే దారే లేదురా," అన్నాడు మస్తాన్ వలీ మెల్లగా. "లేని ముద్ద చూపించి మిమ్మల్ని ఆడించినాడు. మీరు ఆడినారు."

"తిట్టన్నా," అన్నాడు బాబావలి. "తిట్టి, పొద్దున లేబరాఫీసుకు మా ముందు నడువు."

"ముందర నడిస్తే పట్టుకుంటారు."

"ఒక్కడివి నడిస్తే పారిపోయినోడివి. అందరం నడిస్తే ఎవడు పారిపోయినోడో వాళ్ళనే చెప్పమందాం."

తెల్లవారాక బస్సు వచ్చింది. పాకిస్తానీ డ్రైవరు దావూద్ హారను కొట్టాడు. ఎవరూ ఎక్కలేదు. యూనిఫారాలు వేసుకుని, ఛాతీ మీద కార్డులు తగిలించుకుని మెట్లు దిగసాగారు. మస్తాన్ వలీ ముందు, పక్కన బాబావలి.

"క్యా హువా భాయ్? ఆజ్ పైదల్?" అన్నాడు దావూద్, ఈరోజు నడకేనా అన్నట్టు.

"పారిపోతున్నామండీ దావూద్ భాయ్!" అన్నాడు కొర్నేలు తెలుగులోనే. "రోడ్డు మధ్యలోంచి, పట్టపగలు!"

పొగమంచులోంచి ఒక్కో ఇంటి తలుపు తెరుచుకుంది. రొట్టెల కొట్టు అఫ్గానీ పొయ్యి వదిలి బయటికొచ్చాడు. పళ్ళమ్మే అసీరీ ముసలివాడు మస్తాన్ వలీని చూసి సలాం చెప్పాడు. నిన్న లేబరాఫీసు నుంచి వస్తూ, ఆయన బండి చక్రం దిగబడితే నెట్టింది ఇతనే. బాబావలి వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో హురూబ్ సంగతి చెప్పాడు. ముసలివాడు మస్తాన్ వలీని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇతనా? ఎక్కడికి పారిపోయాడు?" అని రోడ్డు మీద ఉమ్మేశాడు. ఆ ఉమ్ము ఎవరి మీదో అందరికీ తెలిసింది.

లేబరాఫీసు ఇంకా దూరం ఉండగానే వంపు దగ్గర పోలీసు జీపు అడ్డంగా నిలిచింది. పక్కన ఎరిక్, చేతిలో ఫోను.

"మస్తాన్ ఒక్కడే ప్రాబ్లం! మిగతావాళ్ళంతా డ్యూటీకి వెళ్ళిపోండి!" అని అరిచాడు.

"నీ ఇఖామా బతికే ఉందా సార్?" అని అడిగాడు బాబావలి.

ఎరిక్ చెయ్యి షర్టు జేబు మీదికి పోయి ఆగింది. అతనిదీ ఎప్పుడో చచ్చింది.

"అట్లయితే నువ్వు నిలబడాల్సింది ఈ పక్క."

ఎరిక్ కదల్లేదు. పోలీసు మస్తాన్ వలీ చెయ్యి పట్టుకున్నాడు. బాబావలి ఇంకో చెయ్యి పట్టుకుని, "హాజా ఫీ షుగుల్, హాజా మా హరబ్," ఇతను పనిలోనే ఉన్నాడు, ఇతను పారిపోలేదు అని గొంతు చించుకున్నాడు. వెనక మొత్తం గుంపు అదే మాట అందుకుంది. తెలుగు నాలుకల మీద, బెంగాలీ నాలుకల మీద ఆ అరబ్బీ వంకర్లు పోయింది, కానీ అర్థం కానివాడు ఆ కొండ మీద లేడు. పోలీసు ఇద్దరినీ జీపులోకి తోశాడు.

జీపు మలుపు తిరిగింది. బాబావలి వెనక అద్దంలోంచి చూశాడు. అందరూ క్యాంపు వైపు తిరిగిపోయి ఉంటారని గుండెలో ముల్లు కదిలింది. ఒక్కడూ పోలేదు. జీపు వెనకే దిగుతున్నారు. కింద, అదే ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్ళ బిల్డింగు ముందు వాళ్ళ బస్సు తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. బస్సులో ఎవరూ లేరు. రాత్రే కబురందిన మదార్బీ, గురవమ్మ, తక్కిన ఆడవాళ్ళంతా అవే యూనిఫారాలతో రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డారు.

"మేమూ కనపడతన్నామా మస్తానన్నా?" అని అరిచింది మదార్బీ. "కంపెనీని సరిగ్గా చూసుకోమను!"

మస్తాన్ వలీ జీపు అద్దం మీద అరచెయ్యి ఆనించాడు.

జీపు డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రోడ్డు మీద ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు.