తడి తువ్వాలు

హనుమక్క తువ్వాలును బకెట్టులో ముంచి, సగం పిండి, తలుపు సందులోంచి లోపలికి చాచింది. గంగాధరప్ప చెయ్యి ఒక్కటే బయటికొచ్చి దాన్ని లాక్కుంది. తలుపు మళ్లీ మూసుకుంది. కళ్యాణదుర్గం ఎండకు ఆ తువ్వాలు కాసేపట్లో ఆయన నెత్తి మీదే అప్పడంలా ఎండిపోతుంది. అప్పుడు మళ్లీ పిలుపు వస్తుంది. ఈ వేసవిలో ఆ ఇంటి పనిమనిషిగా ఆమెకు ఇదే ఉద్యోగం.

ఫ్యాను వేసుకోవచ్చు కదా అంటే పాపం. ఫ్యాను చప్పుడుకు పాట మైలపడుతుందట! గురక పెడుతోందని ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకేస్తాడు. ముప్పై ఏళ్లు సొంత చెనిక్కాయల మిల్లు రొదలో పడి ఉన్న చెవులవి. కుక్కరు ఎన్ని కూతలు కూసినా వాటికి వినిపించదు, ఫ్యాను మాత్రం వినిపిస్తుంది. మిల్లు అమ్మి, మనిషెత్తు స్పీకర్లు రెండు, కుంపటిలా కాగే ఆంప్లిఫయర్ పెట్టె ఒకటి తెచ్చి ఆ గదిలో పెట్టాడు. పాటలు ఎక్కడో విదేశాల నుంచి కొంటాడు. ఒక్కొక్కటి కంప్యూటర్లోకి దిగడానికి ఓ పూట పడుతుంది. అదే పాట హనుమక్క కోడలి ఫోనులో ఊరికే వస్తుంది.

“ఊరికే వచ్చేది పిప్పి మే, ఇది రసం,” అన్నాడొకసారి, ఆమెను లోపలికి పిలిచి. “ఫ్లూటు వాయించేటాయప్ప ఊపిరి పీల్చేది గూడా ఇనపడతాది. ఇన్యావా?”

“నాకేం ఇనపడల్యా సామీ.”

“చెవిటోని ముందర శంఖం ఊదినట్లుండాది.”

ఊపిరి వినడానికి ఇంత తతంగమా! అదే మిల్లులో పొట్టు దుమ్ము మింగి మింగి పోయిన ఆమె మొగుడి ఊపిరి రాత్రిళ్లు వీధంతా వినిపించేది. అప్పుడు వినడానికి ఈయన ఒక్క పూటైనా రాలేదు.

ఇవాళ కొళాయి వచ్చే రోజు. తప్పితే మళ్లీ ఐదు రోజులకే. హనుమక్క వీధికి ఆ నీళ్లు ఎక్కవు. ఈ ఇంటి నుంచి మోసుకుపోయే రెండు బిందెలే ఆమె ఇంటికి తాగునీళ్లు. నీళ్లు లాగాలంటే మోటారు వేయాలి. పాట సాగుతుంటే మోటారు వేయకూడదు.

గోడ అవతలి నుంచి పక్కింటి దాదాబీ కేకేసింది. “నీళ్లు సన్నమైపోతాండాయి హనుమక్కా. మోటరెయ్యవేమే?”

“పాట అయిపోవల్లంట.”

“పాట తాగుతాడేమే ఆయప్ప?”

హనుమక్క మూసిన తలుపు వైపు చూసింది. తువ్వాలు కోసం పిలుపు వచ్చి చాలాసేపయింది. పోనీలే, ఓ చాకిరీ తప్పింది అనుకుంది. ఉన్నట్టుండి పోయి మోటారు స్విచ్ వేసింది. తిట్లకు సిద్ధంగా మెడ ముడుచుకుని నిలబడింది.

ఒక్క కేకా రాలేదు. తలుపుకు చెవి ఆనించింది. లోపల ఫ్లూటు ఆగి ఆగి పలుకుతోంది, ఆగినప్పుడల్లా బరువుగా ఒక ఊపిరి. కోపంతో బుస కొడుతున్నాడు. కొట్టనీ! మిల్లులో ఉన్నన్నాళ్లూ, ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ నోటికి జడిసింది. ఈ రోజుకు ఆ నోరు మూతపడింది. హనుమక్క తీరిగ్గా, పొర్లేదాకా బిందెలు నింపుకుంది. చాలా కాలానికి ఆమెకు సంతోషమనిపించింది.

మోటారు ఆపి తలుపు దగ్గరికి వచ్చింది. ఇంతలో పాట అయిపోయింది. పాటతో పాటు ఊపిరీ ఆగిపోయింది.

“సామీ?”

తలుపు తోసింది. వేడి ముఖాన కొట్టింది. గంగాధరప్ప కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నెత్తి మీద తువ్వాలు ఎండి బిగుసుకుపోయింది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ప్రాణం ఎప్పుడో పోయింది. అంతసేపూ తాను విన్న ఊపిరి ఎవరిదో అప్పుడు తెలిసింది. ముసలాడు అబద్ధం చెప్పలేదు, ఫ్లూటు వాయించేవాడి ఊపిరి నిజంగానే వినిపిస్తుంది.

దాదాబీ వచ్చింది, వీధి వచ్చింది. ఎవరో ఫ్యాను వేశారు. నలుగురూ కలిసి ఆయన్ను చాప మీదికి దించారు. జాలి కలుగుతుందేమోనని హనుమక్క కాసేపు చూసుకుంది. కలగలేదు. గాలి వద్దని చచ్చేవాణ్ణి ఏ దేవుడు కాపాడతాడు! అయినా తువ్వాలు తీసి, తన బిందెలోనే ముంచి, సగం పిండి, ఆయన ముఖం తుడిచింది. చేతులకు తెలిసిన పని అదొక్కటే. తర్వాత బిందెలెత్తుకుని, ఒకటి కాస్త వెలితిగా, ఇంటికి పోయింది.

ఖాళీ కుర్చీ చేతి మీద, తిరుగుతున్న ఫ్యాను కింద, తువ్వాలు ఇంకా తడిగానే ఉంది.