తలుపు వెనక కొక్కెం

ఆ ఇంట్లో ఎనిమిదింటికి ఆయన బయలుదేరేవాడు, తొమ్మిదింటికి ఆమె. ఆ మధ్య గంటలో ఆమె గిన్నెలు కడిగి, పక్క సర్ది, చల్లారిన టీ మళ్ళీ వెచ్చబెట్టుకుని నిలబడే తాగేది. తర్వాత తలుపు వెనక కొక్కేనికి ఉన్న గొడుగు, తాళంచెవులు, మొగుడి నడుము నొప్పి తీసుకుని బయటపడేది. గొడుగు చేతికి, తాళాలు సంచిలోకి, నొప్పి నడుముకి. ఎనిమిదేళ్ళుగా అదే వరస.

నొప్పిని అక్కడే వదిలేసి పోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. వాళ్ళకీ మొదట్లో అనిపించింది. ఒకరోజు అలాగే వదిలేసి వెళ్ళారు. మనిషి లేని ఇంట్లో అది గుక్కపట్టి ఏడ్చింది. కింది వాటాలో ఉండే టైలరమ్మ ఆ గోల భరించలేక ఒక చొక్కాకి రెండు చేతులూ తలకిందులుగా కుట్టి, సాయంత్రం మెట్ల మీద కాపు కాసి వీళ్ళని పట్టుకుంది.

"మీ నొప్పి మీరు పట్టుకెళ్ళండమ్మా. నా పని పాడవుతోంది" అంది.

న్యాయమైన మాటే. ఎవరు ఆఖరున ఇల్లు దాటితే వాళ్ళు తొడుక్కోవాలని ఆ రోజే మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. ఆయన ఒక్కరోజు కూడా ఆఖరున దాటలేదు. ఆ సంగతి ఆమె గమనించడానికి మూడేళ్ళు పట్టింది. గమనించాక నోరు విప్పడానికి ఇంకో అయిదేళ్ళు.

ఆమె కళ్ళద్దాల కంపెనీలో లెన్సులు పరీక్ష చేసేది. ఒక్కో లెన్సునీ దీపం ముందు తిప్పి చూసి, గీత ఉంటే పక్కన పెట్టడం పని. రోజంతా కూర్చోవాలి. నొప్పి ఆయన కొలతకి తయారైంది కాబట్టి ఆమెకి వదులు. మధ్యాహ్నానికల్లా జారి ఎడమ తుంటి మీద చతికిలబడేది. ఓర్చుకోలేనప్పుడు కంపెనీ ఇన్సూరెన్సు కార్డు మీద ఇంజెక్షన్లు, స్కానులు, వ్యాయామాల గది. అన్నీ ఆమె పేరు మీదే రాసేవారు.

"నా గోడౌన్ వాళ్ళ కార్డు దేనికీ పనికిరాదు. నీది బంగారంలాంటి కార్డు" అనేవాడు ఆయన. నొప్పి ఒకరిది, మోత ఒకరిది అయినప్పుడు ఇలాంటి మెచ్చుకోళ్ళు ధారాళంగా వస్తాయి.

సెప్టెంబరులో రెండు జరిగాయి. ఆయన గోడౌన్ మానేసి పరుపుల కంపెనీలో షోరూము మేనేజరుగా చేరాడు. ఆ వారంలోనే ఆమెకి ఒక లెన్సు మీద సన్నటి గీత కనపడింది. పక్కన పెట్టింది. తర్వాతిదాని మీదా అదే గీత, అదే చోట. పద్దెనిమిది లెన్సులు పక్కన పెట్టాక, టీ గ్లాసు మీద కూడా అదే గీత చూసి, దీపం ఆర్పేసి కూర్చుంది. గీత ఆమె కుడి కంట్లో ఉంది.

"లోపలి పొర ఊడి వస్తోంది. నెల దాటితే నేనేం చెప్పలేను" అన్నాడు కంటి డాక్టరు.

ఆమె తన ఆఫీసులో ఇన్సూరెన్సు చూసే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి కంప్యూటరులో చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"మేడమ్, ఈ ఏడాదికి మీ లిమిట్ అయిపోయింది."

"నేనేం వాడానమ్మా?"

"నడుముకి వాడారు కదా మేడమ్. మళ్ళీ కొత్త సంవత్సరంలోనే వస్తుంది."

ఆ సాయంత్రం ఆయన కొత్త కంపెనీ ఫారం బల్ల మీద పరిచి కూర్చున్నాడు. అందులో రెండు గడులు. ఒకటి ఉద్యోగికి మాత్రమే, రెండోది ఉద్యోగికీ జీవిత భాగస్వామికీ. చేరిన ముప్పై రోజుల్లోపు ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

"నన్ను మీ కార్డులో చేర్చండి. చేరిస్తే ఆపరేషన్ వెంటనే చేయించుకోవచ్చట" అంది ఆమె.

"చేర్చొచ్చు. కానీ కంపెనీ డాక్టరు ఇద్దర్నీ చూస్తాడు. భార్యకి ఎప్పటినుంచో ఉన్న జబ్బు ఏదైనా బయటపడితే రెండేళ్ళ దాకా దేనికీ పైసా ఇవ్వరు. నీకేమో నడుము నొప్పాయె."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నాకా?"

"అంటే, కాగితాల్లో."

"కాగితాల్లో ఉన్నది మీది కదండీ. ఆ ఒక్కపూట మీరు తొడుక్కుని రండి. ఉద్యోగికి పాత జబ్బున్నా అడ్డం లేదని ఇందులోనే రాసుంది."

"అడ్డం లేదు, సరే. కానీ రాసుకుంటారుగా! నేను అమ్మేదేమిటి? నడుము నొప్పి రానివ్వని పరుపులు. మేనేజరే వంగి నడిస్తే ఎవడు కొంటాడు? నా ఉద్యోగం ఊడుతుంది."

"మరి నా కన్ను?"

"చూద్దాం. నెల ఉందిగా."

ఆ చూద్దాం ఇరవై తొమ్మిదో రోజు దాకా నడిచింది. రోజూ భోజనాలయ్యాక రెండు కార్డుల కాగితాలూ ముందేసుకుని కూరగాయలు ఏరినట్టు ఏరేవాడు. దీంట్లో గది బాగుంది, దాంట్లో మందులు ఇస్తారు, దీనికి జీతంలో కోత ఎక్కువ. ఈలోగా ఆమె కంట్లో గీత వేలంత అయింది, తర్వాత పక్కకి లాగిన కర్టెనంత అయింది. ఆమె ఎడమ కన్నుతో లెన్సులు చూస్తూ, కుడి తుంటి మీదికి బరువు మార్చుకుంటూ పని చేసింది. ఆయన గొంతు వింటేనే చిరాకు పుట్టేది. ఆ చిరాకుకి మళ్ళీ తనే సిగ్గుపడేది.

ఇరవై తొమ్మిదో రోజు ఆయన ఉద్యోగికి మాత్రమే అన్న గడిలో టిక్కు పెట్టడం ఆమె చూసింది. ముందు పెన్సిలుతో పెట్టాడు, రేపు పెన్నుతో దిద్దుకోవచ్చని.

"మూడు నెలలు ఓర్చుకుంటే నీ కార్డు మళ్ళీ నిండుతుంది. ఇంకో కన్ను బాగానే ఉందిగా" అన్నాడు, ఫారం మడతపెడుతూ.



మర్నాడు ఏడున్నరకి ఆయన స్నానాలగదిలో కూనిరాగం తీస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. కంపెనీ డాక్టరు గది పన్నెండింటికి మూసేస్తారు. ఆయన ఒక్కడే వెళ్ళి చూపించుకుని వచ్చేట్టు ఏర్పాటు. ఆమె గిన్నెలు అలాగే వదిలేసి, కొక్కేనికున్న గొడుగు తీసుకుంది. తాళంచెవులు ముట్టుకోలేదు. నొప్పి తన వంక చూసినట్టే అనిపించింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగిపోయింది. మెట్ల కమ్మీ పట్టుకోకుండా దిగానని కిందికి వచ్చాక గానీ తెలియలేదు.

తర్వాత ఏం జరిగిందో టైలరమ్మ చెప్పింది. ఆయన ఆమె కోసం ఇల్లంతా వెతికి, నొప్పిని కొక్కేనికే వదిలి, తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళాడట. పైన ఏడుపు మొదలైంది. టైలరమ్మ బాల్కనీలోకి వచ్చి, "బాబూ, మీది మర్చిపోయారు!" అని కేకేసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పారు. ఆయన వెనక్కి వచ్చి మెట్లెక్కాడు.

ఆమె పొద్దుటి నుంచీ కాచుక్కూర్చున్న డాక్టరు గదిలోకి ఆయన పదకొండున్నరకి వచ్చాడు, వంగి, గోడ పట్టుకుని. నొప్పి ఆయనకి ఎంత చక్కగా అమిరిందో ఆమె అప్పుడే చూసింది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా జారలేదు. జాలి వేసింది. జాలి పక్కనే, దాన్ని మించిన కోపం వచ్చింది. కోపాన్నే ఉంచుకుంది.

డాక్టరు ముసలాయన. ఆమెని వంగమన్నాడు. వంగితే వేళ్ళు పాదాలకి అందాయి.

"మరి ఫైల్లో ఎనిమిదేళ్ళ నడుము నొప్పని ఉందే?"

"మోసింది నేనండి. నాది కాదు."

డాక్టరు లేచి, మొగుడి వెనక్కి వెళ్ళి, నొప్పిని రెండు వేళ్ళతో పట్టి చూశాడు. "కొలత ఈయనదే. మీకు తుంటి మీదికి జారేదేమో?"

"జారేదండి."

"నా ఆయాసం మా తమ్ముడు మోసేవాడు" అన్నాడు డాక్టరు, కుర్చీలో కూర్చుంటూ. "పోయాడు." ఆమె పేరు పక్కనున్నది కొట్టేసి, ఆయన పేరు పక్కన రాశాడు. "సొంతదారు పేరుకి ఎక్కాక ఇంక కొక్కేనికి ఆగదు. తెలుసుగా? రెండో గడిలో టిక్కు పెట్టి ఇక్కడ సంతకం చెయ్యండి."

డాక్టరు ముందు భార్యని చేర్చొద్దని చెప్పే మొహం ఆయనకి లేకపోయింది. పెన్సిలు టిక్కు చెరిపేసి, రెండో గడిలో పెట్టి, సంతకం చేశాడు.

"నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు" అన్నాడు బయటికి వచ్చాక.

వారం తిరక్కుండా ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక కంటి డాక్టరు దీపం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నెల కిందట వచ్చి ఉంటే" అన్నాడు, మిగతాది అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎంత దక్కుతుందో అంతే దక్కింది. ఆ కన్నుకి వెలుగు, నీడ తెలుస్తాయి. లెన్సు మీద గీత మాత్రం తెలియదు. కంపెనీ ఆమెని డబ్బాలు అతికించే గదికి మార్చింది.

ఆయన ఉద్యోగం ఊడలేదు. ఊడకపోగా, వంగి నడిచే మేనేజరు "ఆ బాధ నాకు తెలుసండీ" అంటుంటే జనం నమ్మి పరుపులు కొన్నారు. రెండు నెలల్లో జీతం పెంచారు. దేనికి భయపడి ఆమె కంటిని నెల రోజులు బల్ల మీద పెట్టి బేరమాడాడో అది జరగనే లేదు. ఆ వార్త ఆయన స్వీటు డబ్బాతో తెచ్చాడు. ఆమె ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏడున్నరకి ఆమె బయలుదేరుతుంది. అలవాటు చావక ఆయన ఇంకా పొద్దున్నే నొప్పిని తీసి కొక్కేనికి తగిలిస్తాడు. అది జారి నేల మీద పడి, పాకుతూ వచ్చి, కాలి మీదుగా ఎక్కి నడుముని పట్టుకుంటుంది. ఒకరోజు అది మధ్యదారిలో ఉండగా ఆయన ఆమె వంక చూశాడు.

"ఈ ఒక్కపూట పట్టుకోవే. పెద్దవాళ్ళతో మీటింగుంది. నీకు అలవాటేగా."

ఆమె చెప్పులు వేసుకుంటోంది. కుడివైపు నుంచి చూస్తే ఆయన గోడకి ఆనించిన నీడలా ఉన్నాడు. ఎడమ కన్నుతో చూడటానికి తల తిప్పాలి. తిప్పలేదు.

"చూద్దాం లెండి" అని, గొడుగు తీసుకుని, ఆయన కంటే ముందు గడప దాటింది.