లోసలిని మానేసిన ఆకుకషాయం

ఫిజీలో రేవా నది పక్కన మా పాత ఆస్పత్రి ఇప్పుడు లేదు. కాంక్రీటు భవనం కట్టారు, విడివిడిగా కుర్చీలు వేశారు. నేను నర్సుగా ఉన్న రోజుల్లో రేకుల వసారాలో ఒకటే పొడుగాటి బల్ల ఉండేది. మా ఫిజీ మూలవాసుల ఊళ్ల గర్భిణులూ, తాతల కాలంలో ఇండియా నుంచి వచ్చి వరి పొలాల వైపు స్థిరపడ్డ హిందుస్తానీ గర్భిణులూ దాని మీదే ఇరుక్కుని కూర్చునేవాళ్లు. ఒకరు ఉడికిన కర్రపెండలం విప్పితే, మరొకరు రొట్టెలో చుట్టిన బంగాళాదుంప కూర విప్పేవాళ్లు. ఆ వసారా తలుచుకుంటే ముందు ఆ వాసనే వస్తుంది నాకు.

ఒక ఏడు రాజధాని సువా నుంచి డాక్టర్ విలిసి వచ్చింది. గర్భిణుల యోనిలో ఉండే సూక్ష్మజీవులు జాతికీ జాతికీ ఎలా మారతాయో చూడాలి, దూదిపుల్లతో నమూనా తీసుకుంటాను అంది. బల్ల మీద అందరూ తలలు దించుకున్నారు. చివరికి కమలావతి లేచింది. అయిదో నెల, నోరు పెద్దది.

“మూడు కాన్పులయ్యాక ఇంకా సిగ్గేంటి సిస్టర్, పదండి,” అని పక్కనున్న లోసలిని అనే ఆవిడ చెయ్యి లాగింది. “నువ్వూ రావే. ఎవరు శుభ్రమో ఇవాళ తేలిపోద్ది.”

“మీరు తినే మిరపకాయలకి పురుగన్నది బతికుంటే కదా, తేలడానికి!” అంది లోసలిని. బల్లంతా ఘొల్లుమంది.

లోసలిని మా ఊరి కోడలు. అంతకుముందు ఇద్దరు బిడ్డలు ఆరో నెలలోనే పుట్టి పోయారు. ఇది మూడోసారి.

నమూనా తీసే ముందు, లోపల ఏమైనా పోసి కడుగుతావా అని డాక్టరు అడిగింది. లోసలిని నా మొహం చూసింది.

“రోజూ ఆకుకషాయం. సబ్బు కూడా. లోపల మురికుంటే బిడ్డ నిలవదంట. అత్త చెప్పింది.”

“మా అత్త నాకు పటిక నీళ్లిచ్చింది!” తెర అవతల నుంచి కమలావతి అరిచింది.

డాక్టరు నవ్వలేదు. “ఇద్దరూ ఇవాళే మానెయ్యండి. లోపల కడగడం బిడ్డకి మంచిది కాదు. పైన మామూలు నీళ్లు చాలు.”

మర్నాడు ఇద్దరినీ పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. కమలావతి గాజుపలక నిండా ఒకే రకం పుల్లల్లాంటివి. లోసలిని దాంట్లో చిన్నవీ పెద్దవీ, గుండ్రటివీ పొడుగువీ కలగలిసి ఉన్నాయి.

“నాది నాట్లేసిన మడి. నీది కలుపు చేను,” అంది కమలావతి.

లోసలిని మొహం పాలిపోయింది. “అయితే అత్త మాట నిజమే. వాళ్లిద్దర్నీ నా మురికే చంపింది.”

కమలావతి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“కాదు,” అంది డాక్టరు. “సువాలో కాన్పుకొచ్చిన మీ ఊళ్లవాళ్లని చూశాను, చాలామందికి ఇలాగే ఉంది. వాళ్లల్లో నెలలు నిండి కన్నవాళ్లూ బోలెడుమంది. కమలావతిలా ఉంటేనే మంచిది అని పుస్తకాల్లో రాసింది ఎక్కడెక్కడి ఆడవాళ్లనో చూసి. అవి రాసినవాళ్లెవరూ మిమ్మల్ని చూడలేదు, అందుకే వచ్చాను.”

“మరి నా పిల్లలెందుకు పోయారు?”

“తెలీదమ్మా. తెలిసినట్టు చెప్పను. కాని ఇది మురికి కాదు.”

లోసలిని ఏడ్చింది. కమలావతి ఆమె తలని తన భుజానికి ఆనించుకుని, “నా నాలిక పడిపోను,” అని తనూ ఏడ్చింది. ఆ తర్వాత ప్రతి వారం ఇద్దరూ కూడబలుక్కుని వచ్చేవాళ్లు.

లోసలినికి మూడు వారాలు ముందుగా ఆడపిల్ల పుట్టింది. చిన్నదే, కాని పుట్టగానే గట్టిగా ఏడ్చింది. కమలావతికి నెలలు నిండాకే కొడుకు.

పిల్లకి రెండో నెలలో లోసలిని ఇంట్లో విందు చేశారు. కమలావతి గుమ్మడికాయ కూరతో వచ్చి చాప మీద అందరితోపాటు కూర్చుంది. లోసలిని అత్త మాకెరెత పిల్లని కమలావతి ఒళ్లో పెట్టి, నన్ను వంటపాక వెనక్కి పిలిచింది.

“నర్సమ్మా, కషాయం కాచిచ్చింది నేనే. ముందు ఇద్దరప్పుడూ నేనే... వాళ్లు నా చేతి మీదుగానే పోయారా?”

ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడని మనిషి. ఆవేళ గుసగుసగా అడిగింది.

“డాక్టరుకే తెలీదు అత్తా,” అన్నాను. “నువ్వు బిడ్డ నిలవాలనే ఇచ్చావు.”

 ఆవిడ పాకలోకి వెళ్లి, చూరుకి వేలాడుతున్న కషాయం ఎండుటాకుల కట్ట తీసి పొయ్యిలో పెట్టింది.