మింగిన గాలి

నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఆమె మెడ చాచి చూసింది. బాకా మాస్టారు లేడు. మందుల బండి తోసుకుంటూ ఒక నర్సు ఎక్కింది. ఇనుప జాలీ తలుపు లాగి, మీట నొక్కి, ఆమె మళ్ళీ తన స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే నడుము దగ్గర బట్ట బిగిసింది. లేచి నిలబడింది. నిలబడితే నడుము లాగింది.

ఆస్పత్రిలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అంటారు. సన్నటి చేతులు, సన్నటి మెడ, వాటి మధ్య ఎవరిదో తెచ్చి అతికించినట్టు కడుపు. పొద్దున పనిలోకి వచ్చేటప్పుడు ఆ కడుపు ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ అదీ ఎక్కుతుంది. మధ్యాహ్నానికి వేలితో కొడితే మోగేలా బిగుస్తుంది. లోపల ఏదో ఈ పక్క నుంచి ఆ పక్కకు దొర్లుతుంది. ఆ ఇనుప పెట్టెలో జనం భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటే, ఆమె పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా బిగబట్టి, గోడకేసి చూస్తూ వాళ్ళను అంతస్తులు దాటిస్తుంది. మీటలు నొక్కడం పేరుకే. వచ్చేదాన్ని రాకుండా ఆపుకోవడమే ఇన్నేళ్ళుగా ఆమె అసలు ఉద్యోగం.

కింద ఒక పెద్దావిడ పసిపిల్లను చూడటానికి వచ్చినట్టుంది, చేతిలో కొత్త దుప్పటితో ఎక్కింది. లిఫ్టమ్మను పైనుంచి కిందికి చూసి జాలిపడింది.

"నిలబడకమ్మా, కూర్చో. ఎన్నో నెల?"

"నెలలు కాదండీ, గాలి," అంది లిఫ్టమ్మ.

పెద్దావిడ అప్పుడు ఆమె చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు చూసి, నాలుక కరుచుకుని, దుప్పటి మడతలు సర్దుకుంది. లిఫ్టమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో తేనుపుగా మారింది. ఒక్క కాన్పయినా లేని కడుపును చూసి ఆ మాట అనడం ఇది మొదటిసారి కాదు. మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కొత్తలో అయితే ఏడ్చేది. ఇప్పుడు వేరే భయం ఉంది.

అక్కకు కూడా ఇలాగే ఉబ్బేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, అక్క కూడా నవ్వేది. చివరికి డాక్టరుకు చూపించేనాటికి అది గాలి కాదు, ముదిరిన గడ్డ అని తేలింది. అక్కను కాటికి సాగనంపాక లిఫ్టమ్మ తన కడుపు మీద చెయ్యి వేసుకోవడం కూడా మానేసింది. రోజూ డాక్టర్లనే పైకీ కిందికీ మోస్తుంది, ఒక్కరినీ అడగలేదు. ఏట్లో నిలబడి దప్పికతో చచ్చినట్టుంది ఆమె వ్యవహారం.

అడిగింది బాకా మాస్టారే. సర్కస్ బ్యాండులో బాకా ఊదీ ఊదీ, ముసలితనంలో ఊపిరి అందక నాలుగో అంతస్తులో చేరినవాడు. రోజూ పొద్దున ఆమెతో కిందికి దిగి, కాసేపు ఎండలో కూర్చుని, ఆమెతోనే పైకి వెళ్ళేవాడు. ఒకరోజు ఆమె భోజనం చూశాడు. లిఫ్టు గంట ఒకసారి మోగి మళ్ళీ మోగేలోపు, గోడవైపు తిరిగి, నమలకుండా ముద్ద మీద ముద్ద మింగి, అది దిగడానికి సీసాతో సోడా ఎత్తి గటగటా తాగుతోంది.

"అమ్మాయ్, నువ్వు తినేది అన్నం కాదు, గాలి," అన్నాడు.

"తీరికేదీ మాస్టారూ?"

"ఇన్నాళ్ళూ నాకు కూడు పెట్టింది గాలే. దాని గుణం నాకు తెలుసు. లోపలికెళ్ళింది బయటికి రాక మానదు. ఎటునుంచి అన్నదే మన పరువు."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే, ఎందుకో, అక్క సంగతి చెప్పేసింది. ఆయన నవ్వలేదు. మర్నాడు కడుపు జబ్బులు చూసే డాక్టరమ్మ ఎక్కగానే, అందరూ వింటుండగా, "మనందర్నీ మోసే మనిషికే బాగాలేదు, ఓసారి చూడండమ్మా," అన్నాడు. లిఫ్టమ్మకు తల కొట్టేసినట్టయింది. కానీ పరీక్షలు జరిగాయి. ఫలితం ఇవాళ చెప్తారు.

అందుకే పొద్దుటి నుంచి కాలు నిలవడం లేదు. నాలుగో అంతస్తుకు వెళ్ళినప్పుడల్లా మాస్టారు కనిపిస్తాడేమోనని చూస్తోంది. ఒకసారి ఎవరూ పిలవకపోయినా వెళ్ళి తలుపు తెరిచింది. ఖాళీ వరండా. ఇంతలో కింద గంట మోగింది.

భోజనాల వేళకు లిఫ్టును వాచ్‌మన్‌కు అప్పగించింది.

"పోయిరా అక్కా. మీటలు నొక్కడమేగా, నాకు రాదా?" అన్నాడతను. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి నేరుగా చెప్పింది. "మీ అక్కకు వచ్చింది మీకు లేదు. గడ్డలేం లేవు. రాత్రి పడుకుంటే తగ్గిపోతోందిగా మీకు?"

"తగ్గుతుందమ్మా. మరి పగలంతా ఎందుకిలా?"

"నమలకుండా మింగుతారు, దాంతోపాటు గాలీ మింగుతారు. పైన సోడా. కదలకుండా కూర్చుంటారు. లఘుశంకకు కూడా లేవరు, దొడ్డికి వచ్చినా ఆపుకుంటారు. లోపల నిలవున్నది పులిసి ఇంకాస్త గాలి పుడుతుంది. కూర్చుని తినండి, కొంచెం కొంచెంగా. తిన్నాక నడవండి. చిక్కుడు గింజలు, ఉల్లిపాయ కొన్నాళ్ళు తగ్గించి చూడండి. వస్తే ఆపుకోకండి."

"అంతేనా?"

"అంతే. కానీ ఉబ్బు దిగకుండా ఉండిపోయినా, మనిషి చిక్కిపోతున్నా, రక్తం కనపడినా ఆలోచించకుండా వచ్చెయ్యండి."

బయటికి వచ్చాక ఆమెకు సంతోషం రావడానికి కొంతసేపు పట్టింది. క్యాంటీన్‌లో ఒక మూల కుర్చీలో కూర్చుని డబ్బా విప్పింది. మొదటి ముద్ద నములుతుంటే లిఫ్టు గంట వినిపించి సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. అన్నం మెల్లగా నమిలితే తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసినట్టు తింది. గంట మోగినప్పుడల్లా దవడ ఆగింది. అయినా లేవలేదు.

తర్వాత మెట్ల దారి పట్టింది. మాస్టారుకు చెప్పాలి. తలుపు వెడల్పు మేరకు తప్ప ఈ అంతస్తులను ఆమె ఎన్నడూ చూడలేదు. రెండో అంతస్తులో బెంచీ మీద ఒకాయన కూర్చునే నిద్రపోతున్నాడు. మూడో అంతస్తు దాటాక మలుపులో పెద్ద కిటికీ, దాంట్లోంచి పడిన ఎండ. పైనా కిందా ఎవరూ లేరు. ఆమె రెయిలింగు పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఒళ్ళు వదులు చేసింది. మెట్లన్నీ మారుమోగాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. 'బాకా నేనూ ఊదాను మాస్టారూ' అనాలి వెళ్ళగానే. ఆయన ఏమంటాడో కూడా ఊహించుకుంటూ మిగిలిన మెట్లు ఎక్కింది.

ఆ వార్డు చివరి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఇందాకే పోయారమ్మా," అంది నర్సు, గొంతు తగ్గించి. "పొద్దుటి నుంచీ ఆయాసమే, కిందికి దిగలేదు. ఇందాక స్నానం చేసొచ్చారు, దాంతో ఎక్కువైంది. మళ్ళీ లేవలేదు. మీకు కబురు పెట్టనా అన్నాను. ఆవిడ ఇవాళ తీరిగ్గా తినాలి, పిలవొద్దన్నారు."

"ఎటునుంచి తీసుకెళ్ళారు?"

"మీ లిఫ్టులోనే. వాచ్‌మన్ దించాడు."

లిఫ్టమ్మ మంచం పట్టె పట్టుకుంది. తాను మూల కుర్చీలో కూర్చుని నములుతుండగా మోగిన గంటల్లో ఒకటి ఆయనది. అది ఏదో ఆమెకు తెలియలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది. కడుపు మెత్తగా ఉంది.

వరండా చివర గంట మోగింది. ఎవరో ఆపకుండా నొక్కుతున్నారు. ఆమె కదల్లేదు.

కిటికీ ఊచకు ఆయన ఉతికి ఆరేసుకున్న బనీను వేలాడుతోంది. పిండిన మెలికలు ఇంకా విడలేదు. అంచున ఒక నీటిచుక్క మెల్లగా కూడుకుంటోంది.