ఒట్టి వింటి చప్పుడు

తన రేడియోలోని మూడు సెల్లులనూ అంగీ అంచుతో తుడిచి, డాబా పిట్టగోడ మీద ఒక్కొక్కటే పడుకోబెట్టాడు మదారు. దొర్లిపోకుండా అటూ ఇటూ గులకరాళ్లు ఒత్తుపెట్టాడు. పక్కన చాప మీద ఎండుతున్న వడియాల మీద తన నీడ పడకుండా ఒదిగి ఒదిగి మెట్లు దిగాడు.

పెరట్లో చాట పట్టుకుని నిలబడ్డ వనమాల ఇదంతా చూస్తూనే ఉంది. జనగామ బజారులో కిరాణా సావుకారు రాజేశం భార్య ఆమె. నోటికి పదునెక్కువ, చేతికి ఎముక లేదు.

"ఏంది మదారన్నా! మా దుకాణంల కొత్త సెల్లులు కొనవు గని, పాతయి తెచ్చి మా డాబ మీదనే ఎండవెడ్తవా? మా ఇంటాయన సూస్తె ఎండకు కిరాయడుగుతడు."

"సచ్చినయి గావు సావుకారమ్మా, అలిసినయి. జరంత ఎండ తింటె ఈ ఒక్క రాత్రికి నిలవడ్తయి."

ఆ ఒక్క రాత్రే అతనికి కావాలి. కిందటి వారం స్టేషన్ రోడ్డులో ఎల్లేశం చాయ హోటలు దగ్గర మదారు నోరు జారాడు. దూదేకే వింటి చప్పుడు రేడియోలో వచ్చిందన్నాడు. అంతే, బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి.

"దూదేకుడు పాటయిందంటరో! రేపు మా అవ్వ ఇసుర్రాయి సప్పుడు గూడ వస్తదా మదారన్నా? ఇంటె మురుస్తది ముసల్ది" అన్నాడు ఎల్లేశం, గ్లాసులు కడుగుతూ. "రాత్రి కల్లు ఎక్కువైనట్టుంది" అని ఇంకెవరో అందుకున్నారు.

మదారు కల్లు ముట్టడు. అబద్ధమాడాడని ఒకరితో అనిపించుకోనూ లేదు. ఆ మాట పడకూడదనే అతను అసలు మాట్లాడడమే తక్కువ. అలాంటివాడు ఆ రోజు లేచి, "బేస్తారం రాత్రి రేడియో గిక్కడికే తెస్త, మీ చెవులతోనే ఇనుండ్రి" అనేశాడు. ఇవాళే ఆ బేస్తారం, గురువారం.

సావుకారింటి కొట్టం దూలానికి దూదేకే విల్లు వేలాడగట్టి, వాళ్ల పాత పరుపు కుట్లు విప్పాడు. ఏండ్ల తరబడి మనుషుల బరువు మోసిన దూది గడ్డలు కట్టి చెమట వాసన కొడుతోంది. ఎడమచేత్తో వింటిని దూదిలోకి వంచి, కుడిచేతి కొయ్యతో దానికి బిగించిన నరం మీద కొట్టాడు. దంయ్, దంయ్, దంయ్. గడ్డ విడిపోయి, విడిపోయింది నురగై లేచి, గాలిలో ఓ క్షణం నిలిచి కూలుతోంది. మదారు ఎడమ భుజం కిందికి, కుడి భుజం పైకి ఉంటాయి. మీసం మొలవకముందు పట్టిన వింటికి ఒళ్లే అలా ఒంగిపోయింది. రెప్పలకూ కనుబొమలకూ పట్టే నూగు సాయంత్రం కడిగితే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి దిగింది మాత్రం ఏ నీళ్లకూ పోలేదు. దగ్గై మిగిలింది.

ఆ వింటి వల్ల పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో చిల్పూరు దిక్కు పనికి పోతుంటే, ఎక్కడి నుంచో దింపిన ఒక పోలీసు అడ్డం నిలబడ్డాడు. "ఏరా, విల్లు సరే, బాణాలెక్కడ దాచావ్?" అని గద్దించాడు. "బాణాల్లేవు దొరా, దూదే ఉన్నది" అన్నాడు మదారు. ఎకసెక్కమనుకుని రెండు తగిలించి, విల్లు గుంజుకున్నాడు. దాన్ని విడిపించుకునేదాకా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. భార్య బతికున్న రోజులవి.

భార్య పోయాక రాత్రులు పొడుగయ్యాయి. పడుకుంటే దగ్గు, కూర్చుంటే ఒంటరితనం. భూపాలపల్లి అడవుల్లో బొగ్గు కోసం బోర్లు దించే పనికి పోయిన అల్లుడు, తన పాత రేడియో తెచ్చి ఒళ్లో పెట్టాడు. రాత్రి మన స్టేషన్లన్నీ మూతపడ్డాక మదారు ముల్లు తిప్పడం మొదలుపెట్టాడు. ఏ దేశమో తెలియదు, ఏ భాషో తెలియదు. ఎక్కడో గొర్లకాపరి కూతపెట్టి పాడేవాడు. ఎక్కడో ఆడవాళ్లు గుంపుగా గొంతులు కలిపి, నాట్లప్పటి పాటలాగానే సాగదీసేవారు. ఇంకెక్కడో రేకులూ గిన్నెలూ కొట్టినట్టు, తలుపు కిర్రుమన్నట్టు ఉండేది. అదీ సంగీతమేనట, అయిపోగానే జనం చప్పట్లు కొట్టేవారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత వినకపోతే నిద్ర రాలేదు. ఒక బేస్తారం రాత్రి వచ్చింది ఆ చప్పుడు. ఒకే ఒక్క నరం, ఒకే ఒక్క దెబ్బ. దగ్గు ఆపుకుని కూర్చున్నాడు. మరో బేస్తారం మళ్లీ వచ్చింది.

పొద్దు నెత్తికెక్కాక వనమాల సజ్జరొట్టె, పచ్చిపులుసు తెచ్చి గట్టు మీద పెట్టింది. మజ్జిగ గ్లాసు చేతిలోనే పట్టుకుని, పోకుండా నిలబడింది.

"నిజంగనే రేడియోల వచ్చిందా మదారన్నా, గా సప్పుడు? నాతోని జెప్పు, నేను నవ్వ."

"వచ్చింది సావుకారమ్మా. ఎట్ల జెప్పాలె... నోటికి రాదది."

 ఏకిన దూదిని కాలితో దూరంగా జరిపాడు. నరానికి అంటిన పోగులు తుడిచాడు. కొయ్య ఎత్తి ఆగిపోయాడు. 'ఒట్టి వింటిని కొట్టకు కొడుకా, కడుపు ఒట్టిదైతది' అని పని నేర్పిన నాడే చెప్పాడు తండ్రి. ఇన్నేండ్లలో దూది లేని నరం మీద ఒక్క దెబ్బ వేసి ఎరుగడు.

కొట్టాడు.

దూది మింగని చప్పుడు కొట్టమంతా నిండింది. దూలం దాకా పాకి, సన్నబడి, దారం పోగంతై, ఉందో పోయిందో తెలియకుండా అయింది. మదారు కదల్లేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ సందులో దూరంగా గూడ్సు బండి పోవడం, పెరట్లో కోడి కాళ్లతో గీరడం వినిపించాయి. అప్పుడు మళ్లీ కొట్టాడు.

వనమాల చేతిలోని మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"గిదేనా?"

"గిదే గాదు, దీని అన్నదమ్ముడసొంటిది. రేడియోల వాయించెటోళ్లు ఆగుతరు సావుకారమ్మా. కొట్టుడు కంటె ఆగుడెక్కువ. మేం ఆగితె కూలి గిట్టది. గా ఆగుట్ల ఏమున్నదో ఇన్నొద్దులు నాకే ఎరుక లేదు."

"మరి రాత్రి హోటలు కాడికి ఆడోళ్లు రావొచ్చునా?"

మదారు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వయింది. "మీరొస్తె ఎల్లేశం బెంచీలన్న కడుగుతడు."

రొట్టె సగం తిన్నాడు. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఊళ్లో సగం మందిని మెత్తగా పడుకోబెట్టినవాడు, తాను మాత్రం ఎన్నడూ చాప దాటలేదు. గిరాకీవాళ్ల దూది మీద ఒళ్లు వాల్చడం తప్పనేవాడు. ఆనుకున్న గోడ నుంచి మెల్లగా పక్కకు ఒరిగితే, అప్పుడే ఏకిన దూది అతన్ని పట్టుకుంది. వనమాల తొంగి చూసి, పాపం పడుకోనీ అని తలుపు దగ్గరగా వేసింది.

పొద్దు వాలుతుండగా ఎల్లేశం చాయ తెచ్చాడు. "లే మదారన్నా! రాత్రి మా అవ్వ గూడ వస్తదట. ఇసుర్రాయి మోసుకరమ్మన్న" అంటూ భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. గ్లాసు కింద పెట్టి, పెదవుల మీద వాలిన దూది నూగు వైపు చూశాడు. అది కదలడం లేదు.

అల్లుడికి కబురు చెప్పడానికి భూపాలపల్లికి మనిషి పోయాడు. వాడకట్టు వాళ్లు వచ్చి మదారును ఇంటికి మోసుకుపోయారు. ఎల్లేశం చల్లారిన చాయ గ్లాసుతో అరుగు మీదే కూలబడ్డాడు.

"ఊకె నవ్వులకు పరాష్కమాడినం గని... నిజంగనే తెచ్చెటోడేమో రేడియో. ఇంక ఎవలకెరుక, వచ్చిందో రాలేదో."

"వచ్చింది" అంది వనమాల. "నేనిన్న."

"మీరిన్నరా సావుకారమ్మా? రేడియోలనా?"

"రేడియోలనే" అంది తడుముకోకుండా. "నీ బెంచీల మీద కూసున్నోళ్లందరికి జెప్పు, నేనిన్ననని."

ఎల్లేశం పోయాక వడియాలు ఎత్తడానికి డాబా ఎక్కింది. చాప చుట్టి చంకన పెట్టుకుంటుంటే పిట్టగోడ మీద అవి కనిపించాయి. చాప కింద పెట్టి, గులకరాళ్లు తీసి, ఒక్కొక్కటే రెండో పక్కకు తిప్పి మళ్లీ రాళ్లు ఒత్తుపెట్టింది. మిగిలిన కాస్త ఎండలో మూడు సెల్లులు, చేయి పెడితే ఇంకా వెచ్చగానే ఉన్నాయి.