ఫ్లెక్సీలో నడిమి ఫొటో

ఫోన్ మోగినప్పుడు భావన పెనం మీద దోసె అంచు లేపుతోంది. అత్తవారింటికి వచ్చాక మొదటిసారిగా దోసె ఎక్కడా చిరగకుండా, అంచుల్లో ఎర్రగా, చక్కగా గుండ్రంగా లేచింది. ఈ ఘనకార్యం ఎవరికి చూపించాలా అని ఆమె వెనక్కి తిరిగేసరికి, హాల్లో మామగారు రాధాకృష్ణ ఫోన్ స్పీకర్లో పెట్టి ఇల్లంతా వినబడేలా మాట్లాడుతున్నారు.

"పాసైంది సేటూ! నిన్న కౌన్సిల్ మీటింగుల మన పార్కు తీర్మానం పాసైంది." అవతల వార్డు కౌన్సిలర్ మంగ్త్యా. "గేటు పెడ్తరు, పెద్ద లైట్లేస్తరు, పొద్దుమీకి చీకటైనంక వాచ్‌మన్ ఉంటడు. రేపు పదింటికి చైర్మన్ సారే వచ్చి కొబ్బరికాయ కొడ్తడు."

"నిజంగనా? మల్ల మాట మార్చరు గద?"

"మార్చుడేంది! మీ కోడలు పంపిన ఫొటోలు సూశినంక ఎవ్వరు నోరు తెరువలే. సీసలు, సిగరెట్లు, గొలుసు తెగిన ఉయ్యాల, అన్నీ సాఫ్‌గ కనవడుతున్నయి. ఆ పిల్లకు నా తరఫున థ్యాంక్స్ చెప్పున్రి."

రాధాకృష్ణ వంటింటి వైపు చూసి, మీసాల కింద నవ్వుతూ తల ఊపారు. భావనకి కాళ్లు నేల మీద ఆగలేదు. మామగారు మెచ్చుకోవడం ఇదే మొదలు. దోసె, తీర్మానం, రెండూ ఒకే పొద్దున! కోదాడలో అమ్మకి ఫోన్ చేసి ఏది ముందు చెప్పాలా అని కూడా ఆలోచించింది. ఈలోగా స్టవ్ మీద కుక్కర్ విజిల్ వేయకుండా మూత పక్కనుంచి ఆవిరి కక్కింది.

"ఆ గాస్కెట్ ఎప్పుడు తెస్తరో ఏందో," అంది అత్తగారు ఆండాళు. "నెల కింద ఆలుమగలిద్దరు బండేసుకొని పోతిరి. దుకాణం బంద్ ఉందంటిరి. నెలంతా బందేనా?"

భావన దోసె ప్లేటు గబగబా అత్తగారి ముందు పెట్టేసింది.

మిర్యాలగూడలో రైస్‌మిల్లుల వెనక ఉంది వాళ్ల కాలనీ. ఆ మిల్లుల్లో ఒకటి మామగారిదే. గాలి ఇటు తిరిగిందంటే బాల్కనీ అంతా ఊక బూడిదే. అయినా భావనకి ఆ బాల్కనీ ఇష్టం, ఎదురుగా పిల్లల పార్కు కనబడుతుంది కాబట్టి. జారుడుబల్ల మీద వరసలో తోసుకునే పిల్లలు, అలిగి ఇసుకలో కూర్చునే పిల్లలు. వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం టీ అక్కడే తాగేది. మెల్లమెల్లగా పిల్లలు తగ్గి కుర్రాళ్లు పెరిగారు. ఉయ్యాల గొలుసు తెంపారు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల మీద మాటలు విసిరారు. ఎదురింటి పిల్లవాడి పాదంలో సీసా పెంకు దిగి దవాఖానలో కుట్లు పడ్డాక, కాలనీవాళ్లు పార్కు కమిటీ పెట్టుకుని రాధాకృష్ణని అధ్యక్షుణ్ణి చేశారు. మున్సిపాలిటీకి చూపించడానికి ఫొటోలు కావాలంటే ఆండాళే అంది, "మా కోడలు ఫోన్ల లేని ఫొటో ఉంటదా? చాయ్ పొంగినా తీస్తది!" భావన మురిసిపోయి, ఉన్నవన్నీ ఏరి పంపింది.

"ఇంకోటుంది బిడ్డా," అన్నారు రాధాకృష్ణ చేయి కడుక్కుంటూ. "మున్సిపాలిటీ పని మున్సిపాలిటీ చేస్తది. మన కమిటీ పని మనం చేసినం. రాత్రే పార్కు కాడ ఫ్లెక్సీ కట్టించిన. సూశి రా పో."

భర్త రాఘవేంద్ర బండి తీశాడు. అంత దగ్గరికి బండెందుకని ఎవరూ అడగలేదు. కొత్త జంట కదా. వెనక కూర్చుని అతని భుజం మీద చేయి వేయడం భావనకి ఇంకా ఒక చిన్న పండగే.

ఫ్లెక్సీ దూరం నుంచే మెరిసింది. వాళ్ల పెళ్లికి వీధి చివర స్నేహితులు కట్టిన ఫ్లెక్సీ ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. బంగారు రంగు అంచులు, మూలల్లో గర్జించే సింహాలు, గుండ్రటి చట్రాల్లో మొహాలు. కట్టినవాడు ధర్మా. ఊళ్లో పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ అతనిదే ప్రింటు. హడావిడిలో పుట్టినరోజుల డిజైనే తీసి, పైన మాటలు మాత్రం మార్చినట్టున్నాడు. 'మన పిల్లల పార్కును పాడు చేస్తున్నది వీరే' అని ఎర్రటి అక్షరాలు.

దాని కింద కుర్రాళ్ల గుంపు. సిగ్గుపడి తలలు దించుకున్నారేమో అనుకుంది భావన. వాళ్లు ఫ్లెక్సీకి బంతిపూల దండ వేసి, కింద నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు.

"అరే, నాది జర చిన్నగ పెట్టిన్రు రా!"

"నీ మొకానికి గదే ఎక్కువ. మనోడ్ని సూడు, హీరో లెక్క నడిమిట్ల!"

భావన నడిమి చట్రం వైపు చూసింది. అక్కడ, అందరికన్నా పెద్దగా, చేతిలో బీరు సీసాతో నవ్వుతున్నాడు అఖిల్.

భుజం మీద ఆమె చేయి బిగుసుకోవడం రాఘవేంద్రకి తెలిసింది. అతను కూడా ఫొటో చూశాడు. బండి వెనక్కి తిప్పాడు.

నెల కిందటి సంగతి. గాస్కెట్ కొనుక్కొస్తామని ఇంట్లో చెప్పి, వాళ్లిద్దరూ నేరుగా ఈ పార్కుకే వచ్చారు. తెగని ఉయ్యాల ఒకటే మిగిలింది, అదీ ఇంటి బాల్కనీకి కనబడని మూల. దాని కింద ఇసుకలో సీసా పడి ఉంది. వాలీబాల్ ఆడి వస్తున్న అఖిల్ కనబడితే భావనే పిలిచింది, "తమ్ముడూ, ఆ సీసా కాస్త తీస్తావా?" అని. అతను మామగారి మిల్లులో హమాలీ మట్టయ్య కొడుకని అప్పుడే రాఘవేంద్ర చెప్పాడు. అఖిల్ సీసా తీశాడు, ఉయ్యాల మీది ఇసుక చేత్తో తుడిచాడు. పన్నెండేళ్లు దాటినవారు ఎక్కరాదు అన్న బోర్డు ముందే భావన చీర కుచ్చిళ్లు ఒళ్లో పోగేసుకుని ఉయ్యాలెక్కింది. రాఘవేంద్ర వెనకనుంచి ఊపాడు. ఊగుతూనే ఆమె ఫోన్ చాచి ఫొటో తీసింది. అందులో ఒక పక్క వాళ్లిద్దరి నవ్వులు, మరో పక్క సీసా పట్టుకుని నవ్వుతున్న అఖిల్, దూరంగా జారుడుబల్ల మీద సిగరెట్లు కాలుస్తున్న కుర్రాళ్లు.

కమిటీకి పంపేముందు తామిద్దరూ ఉన్న పక్కని ఆమే కత్తిరించింది. మామగారు చూస్తారని సిగ్గు. మిగిలిన ముక్కలో ఆమె చూసింది వెనకనున్న సిగరెట్లనే. ముందున్న మనిషిని చూడలేదు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఎస్తేరు నిలబడి ఉంది, అఖిల్ తల్లి. కూర్చోమన్నా కూర్చోలేదు. చర్చికి కట్టుకున్న తెల్లచీర కొంగు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"వాడు తాగడు సేటూ. మీరు ఎవర్నన్న అడగున్రి. సూర్యాపేటల బడిల ఆటలు నేర్పే సారు కింద పని దొరికింది. రేపే జాయిన్ కావాలె. కొత్త బూట్లు గూడ కొన్నం. రాత్రి ఎవరో గీ ఫొటో ఫోన్లల్ల తిప్పిన్రంట. పొద్దున బడోళ్లు ఫోన్ చేసి, సీస పట్టుకున్నోన్ని పిల్లల నడుమ పెట్టుకోము, రావద్దు అన్నరు."

రాధాకృష్ణ మొహం నల్లబడింది. ఆయన చెడ్డమనిషి కాదు. మట్టయ్యకి జ్వరమొస్తే తన కారులో దవాఖానకి పంపిన మనిషే. "నాకు మాత్రం సంతోషమా ఎస్తేరూ? కాని చేతిల సీస ఉండె. ఇయ్యాల మట్టయ్య కొడుకని తీసేస్తే, రేపు అందరు తమతమ పోరగాండ్లను తీసేయమంటరు. కుట్లు పడ్డ పిలగాని తల్లికి నేనేం జవాబు చెప్పాలె?"

"మల్ల వాన్ని అడిగితే ఏం చెప్పడు సేటూ! ఆ సీస ఎవరిది రా అంటే నోరు తెరువడు."

తలుపు పక్కన నిలబడ్డ భావన చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోన్‌లో మొత్తం ఫొటో ఉంది. నోరు తెరవాల్సింది తనే. మిల్లు సేటు కోడలు చిన్నపిల్లల ఉయ్యాలెక్కి ఊగిందని, అబద్ధమాడి వెళ్లిందని, పొద్దున అందుకున్న మెప్పు అబద్ధపు ఫొటోకని ఇప్పుడే ఇక్కడే చెప్పాలి. ఆమె ఫోన్ వెనక్కి దాచుకుంది. ఎస్తేరు చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.

గదిలోకి వెళ్లాక రాఘవేంద్ర అన్నాడు, "నాన్నకు ఏదో ఒకటి చెప్పి ఫ్లెక్సీ దించేయిస్త. ఖతం. మనం గాడ ఉన్నమన్న ముచ్చట ఎందుకు తియ్యాలె?"

"దించేస్తే ఫోన్లలోది ఎవరు దించుతారండీ? తప్పు చేశాడు, ఏదో దయతలిచి తీసేశారు అనుకుంటారు. పదండి, ముందు అఖిల్‌ని చూద్దాం."

అఖిల్ మిల్లు వెనక బస్తాల నీడలో కూర్చుని ఉన్నాడు. వీళ్లని చూసి లేచి నిలబడ్డాడు. కాళ్లకి కొత్త బూట్లు. ఎందుకు వేసుకున్నాడో అతనికే తెలియనట్టు వాటి వైపు చూసుకున్నాడు.

"ఈ దుమ్ముల మీరెందుకొచ్చిన్రక్కా?"

"ఆ సీసా నీ చేతికి ఎలా వచ్చిందో మీ అమ్మకైనా చెప్పొచ్చు కదా అఖిల్!"

"ఎట్ల చెప్త? మీరే అంటిరి గద ఆ రోజు. మేం ఇక్కడికొచ్చామని ఇంట్లో తెలీదు, ఎవరికీ చెప్పకు తమ్ముడూ అని. సరే అన్న."

నిజమే, అంది. కిలకిలా నవ్వుతూ, ఆటగా అంది. అన్న మాట తనకే గుర్తు లేదు. ఇతను మాత్రం ఉద్యోగం పోతున్నా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. భావనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అతనే ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది.

"రేపటికల్లా ఆ బూట్లు తుడిచి పెట్టుకో," అని మాత్రం అని, బండెక్కింది. "ధర్మా షాపుకి పోనివ్వండి."

ధర్మా ఆమె ఫోన్‌లోని మొత్తం ఫొటో చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "గీ ఫొటోనా మేడం? పెద్ద సేటుకు తెల్సా?"

"ఇంకా తెలీదు. రాత్రికి తెలుస్తుంది. ఏమీ కత్తిరించకండి. సింహాలు మాత్రం వద్దు."

"సింహాలు లేకుంటే బోసిగ ఉంటది మేడం," అన్నాడు ధర్మా నిజమైన బాధతో.

రాత్రి భోజనాల దగ్గర కుక్కర్ మళ్లీ పక్కనుంచి ఆవిరి కక్కింది. అన్నం సగం ఉడికీ ఉడకనట్టుగా ఉంది. భావన చేయి కడుక్కుని వచ్చి, ఫోన్ తెరిచి మామగారి కంచం పక్కన పెట్టింది.

"మామయ్యా, ఇది మొత్తం ఫొటో. మీకు పంపింది సగమే. ఆ సీసా తీయమన్నది నేను. ఎవరికీ చెప్పొద్దన్నదీ నేనే. ఇది అందరికీ చూపించాలి."

రాధాకృష్ణ ఫోన్ మీదికి వంగారు. వేళ్లతో పెద్దది చేసి సీసాని చూశారు, ఉయ్యాలని చూశారు, వెనక నిలబడి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న కొడుకుని చూశారు. ఫోన్ పక్కకు జరిపారు.

"గిది అందరికి సూపిస్తవా? మన ఇంటి పరువు ఏం గావాలె? కమిటీ అధ్యక్షుని కోడలే బోర్డు సదివి ఉయ్యాలెక్కిందని నవ్వుతరు. నేను వేరే ఏదన్న చెప్పి దించేయిస్త గద!"

"నవ్వనివ్వండి మామయ్యా. మనల్ని చూసి నవ్వుతారు, అంతే. అతన్ని చూసి భయపడుతున్నారు."

ఆండాళు వంగి ఫోన్ తన వైపు తిప్పుకుంది. "అంటే గాస్కెట్ దుకాణం బంద్ లేదన్నట్టు," అంది. ఆ గొంతులో కోపమో నవ్వో భావనకి అర్థం కాలేదు. "ఇంత అబద్ధమాడి, చీర కూడ పాతదే కట్టినవా?"

"సూర్యాపేట బడోళ్లు ఒప్పుకోకుంటే?" అన్నారు రాధాకృష్ణ. ఆ మాట ఇప్పుడు కోడలితో అన్నట్టు లేదు, తనతో తాను అనుకున్నట్టుంది.

ఆ ప్రశ్న మధ్యాహ్నం నుంచీ భావన గుండెల మీదే ఉంది. తన చేతిలో ఉన్నది చెప్పింది.

"ధర్మాకి ఇంకో ఫ్లెక్సీ చెప్పాను మామయ్యా. మొత్తం ఫొటోతో. రేపు చైర్మన్‌గారు రాకముందే పాతది దించి, ఇది కడతాం. అందరూ వచ్చాక జరిగింది నేనే నిలబడి చెప్తాను. అది అవగానే మేమిద్దరం అఖిల్‌నీ ఎస్తేరమ్మనీ తీసుకుని సూర్యాపేట బస్సెక్కుతాం. మీరూ వస్తే బావుంటుంది."